ఇరవైమూడు పిడులు

మార్చి 4

అల్లుడూ,

ఈ ఉత్తరం వెనకాలే ఒక బరువైన కట్ట వస్తుంది. గుడ్డ చుట్ట విప్పేటప్పుడు ఒళ్లో పెట్టుకోకు. లోపల ఇరవైమూడు ఉలులున్నాయి, వాటికి వావివరసలు తెలియవు. అన్నిటికీ పదును పెట్టి పంపు.

నా ఉలులు మరొకరి చేతికివ్వని దాన్ని ఇప్పుడెందుకు ఇస్తున్నానని అడుగుతావు. భుజం నొప్పి. సానరాయి మీద గంటసేపు వంగితే మర్నాడు చెయ్యి పైకి లేవడం లేదు. అంతకు మించి కథేమీ లేదు, కల్పించుకోకు.

పని సంగతి చెబుతాను. స్టేషన్లో కొత్తగా కట్టిన వెయిటింగ్ రూము గోడకు చెక్క పలక చేస్తున్నానని నీకు తెలుసు. బండి కోసం కాచుకున్న పన్నెండుగురు ప్రయాణికులు. పదకొండుగురు పూర్తయ్యారు. పన్నెండో ఆమె చివర్న నిలబడి ఉంటుంది. బట్టల మడతలు, చేతిలో పెట్టె, పాదాలు అన్నీ వచ్చాయి, ముఖం ఉండాల్సిన చోట ఇంకా దిమ్మే ఉంది. మే ఆరున పలకను గోడకు బిగిస్తారట. ఇంజనీరు గురువారం గురువారం వచ్చి, టేపు చేతిలో ఆడిస్తూ, "అమ్మా, ముఖం ఎప్పుడొస్తుంది?" అంటాడు, అదేదో ఏడింటి బండికి దిగబోతున్నట్టు.

ఉలులు లేని చేతులతో కూర్చోవడం నాకు రాదు. కట్ట పంపిన క్షణం నుంచి బల్ల చుట్టూ తిరుగుతున్నాను. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నాను. రెండు వారాలు దాటితే ఈ గది నేల అరిగిపోయి, ఆ పాపం నీకు చుట్టుకుంటుంది.

ఫోను చేయకు. నీ కొట్లో సానచక్రం గోల తప్ప నీ గొంతు ఎప్పుడు వినబడింది కనుక.

నీ అత్త

మార్చి 17

అత్తయ్యా,

కట్ట ఈ రోజే పార్సిల్లో వేశాను. మీరు విప్పేలోపు ఈ ఉత్తరం అందితే బాగుండును, ఎందుకంటే అందులో మీరు అడగనిది ఒకటి ఉంది.

ముందు మీరు అడిగిన దాని గురించి. వంపు ఉలులు పద్నాలుగింటిని లోపలివైపు నుంచి కూడా సాన పట్టాను. కోణపు ఉలి రెండు రెక్కలూ సమంగా లేవు, కుడి రెక్క కొద్దిగా ముందుకు పొడుచుకొచ్చింది, దాన్ని వెనక్కి తెచ్చాను. ఏటవాలు ఉలి మొనలో నువ్వుగింజంత పెచ్చు లేచిపోయి ఉంది. మీ కంటబడకుండా అది ఎలా తప్పించుకుందో! ప్రతి ఉలి వాదరనూ, ఆ తెగే అంచును, తోలు మీద రుద్ది, ముంజేతి వెంట్రుకల మీద పరీక్షించాను. నా ఎడమ చెయ్యి ఇప్పుడు నా తల లాగే నున్నగా ఉంది.

ఇక అడగనిది. మీ పిడులు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. ఒకదానికి దారం చుట్టి ఉంది. ఒకదాని నిండా పంటి గాట్లు. ఒకటి విరిగిన గొడుగు కర్ర ముక్క. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి పగిలి జిగురు కారింది. ఇంత పనితనం ఉన్న మనిషి చేతిలో ఇలాంటి పిడులా అనిపించింది. అందుకని ఒకే చెక్క నుంచి ఇరవైమూడు కొత్త పిడులు తీశాను. అన్నీ ఒకే పొడవు, ఒకే మందం. ఎనిమిది పలకలుగా చెక్కాను కాబట్టి బల్ల మీద దొర్లిపోవు. చివర ఇత్తడి పొన్నులు, ఉంగరాల్లాంటి కట్లు, తొడిగాను, కొయ్యసుత్తి దెబ్బకు పగలవు. రెండు ఆదివారాలు, పది సాయంత్రాలు పట్టింది. పాత పిడులు జిగురు కాచే పొయ్యిలోకి వెళ్లాయి.

ఇరవై ఏళ్ల కిందట చెక్కడం నేర్చుకుంటూ మధ్యలో మీ బల్ల వదిలి వచ్చేసినప్పుడు మీరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడం ఇంకా నా చెవిలో ఉంది. ఈ పిడులు దానికి జవాబనుకోండి.

మీ మేనల్లుడు

మార్చి 22

అల్లుడూ,

కట్ట అందింది. పదును బాగుంది.

పిడులు నిన్నెవరు అడిగారు? గుడ్డ విప్పి బల్ల మీద పరిస్తే ఇరవైమూడు కవల పిల్లలు పడుకున్నట్టుంది. ఏది ఏదో తెలియడం లేదు. పాతవి పొయ్యిలోకి వెళ్లాయని రాశావు. అది నిజమా, వేళాకోళమా? వేళాకోళమైతే వెంటనే పంపు. నిజమైతే ఆ సంగతి మళ్లీ రాయకు.

గురువారం వచ్చి వెళ్లింది. ముఖం రాలేదు.

అత్త

మార్చి 29

అత్తయ్యా,

నిజమే. మళ్లీ రాయను.

కొత్త పిడులకు చెయ్యి అలవాటు పడటానికి ఎవరికైనా కొన్నాళ్లు పడుతుంది. నా దగ్గరికి వచ్చే వడ్రంగులు కూడా మొదటి వారం నన్ను తిట్టుకుంటూనే ఉంటారు. అయినా మీ ఇబ్బంది నాకు అర్థమైంది. దానికి రెండు ఉపాయాలు పంపుతున్నాను.

మొదటిది రంగు పట్టీలు. ఇరవైమూడు రంగుల కాగితం ముక్కలు, ఒక్కొక్కటీ ఒక్కో పిడి మెడకు చుట్టి అతికించండి. రెండోది పట్టిక. ఏ రంగు ఏ ఉలికి, దాని వాదర వెడల్పు ఎంత, వంపు ఎంత అనేది వరసగా రాశాను. ఒకే కాగితం మీద ఇమడాలని అక్షరాలు చిన్నవిగా వేయాల్సి వచ్చింది, కానీ ముత్యాల్లా ఉన్నాయని మా కొట్లో అందరూ అన్నారు. బల్ల ఎదురుగా గోడకు తగిలించుకోండి.

ఇంకో మాట. మీ ఉత్తరంలో వరసలు కుడివైపుకు వెళ్లేకొద్దీ కిందికి జారుతున్నాయి. చివరి వరస అయితే దాని పై వరస మీదికి ఎక్కింది. మీ బల్ల కాలు ఒకటి కుంగి ఉంటుంది. అందుకని పట్టికతో పాటు ఒక చెక్క చీలిక కూడా పెట్టాను. కాలి కింద దూర్చి చూడండి. చాలకపోతే ఎంత ఎత్తు కావాలో రాయండి.

మీ మేనల్లుడు

ఏప్రిల్ 5

అల్లుడూ,

నీ రంగులు ముచ్చటగా ఉన్నాయట. పక్క కొట్టు దర్జీ అతికించి పెట్టాడు, ఆ మాట అన్నదీ అతనే. ఆకుపచ్చలు నాలుగు రకాలున్నాయని ఆశ్చర్యపోయాడు. పట్టిక గోడకు వేలాడుతోంది. గదికి కాస్త శోభ వచ్చింది. బల్ల నాలుగు కాళ్లూ సరిగ్గానే ఉన్నాయి. నీ చీలిక తలుపు కొట్టుకోకుండా పెట్టుకున్నాను.

నేను అడిగింది ఉలి. నువ్వు పంపినది పెళ్లికూతురి ముస్తాబు. చిన్నప్పుడూ ఇంతే. ఆకు చెక్కరా అంటే దాని చుట్టూ ఉన్న అంచును రోజంతా నునుపు చేసేవాడివి. చెక్క లోపల ఏముందో చూసే ఓపిక నీకెప్పుడూ లేదు, పైన మెరిస్తే చాలు. పిడి అందానికి మురిసిపోయేవాడికి చెక్కడం ఎక్కడ అబ్బుతుంది! బల్ల వదిలి పోయావు, మంచిపనే చేశావు.

రెండు గురువారాలు వచ్చిపోయాయి. ఇంజనీరు ఇప్పుడు టేపు ఆడించడం మానేసి చెప్పుకాలుతో నేలను తడుతున్నాడు. నాకు నిద్ర లేదు, తిండి సయించదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు.

ఇంకేమీ పంపకు.

అత్త

ఏప్రిల్ 11

అత్తయ్యా,

ఇంకేమీ పంపను.

నేను బల్ల ఎందుకు వదిలానో మీరు తప్పుగా అనుకుంటున్నారు కాబట్టి ఒక్కసారి చెప్పి ఊరుకుంటాను. సాయంత్రం నేను చెక్కి వెళ్లిన ఆకులను మర్నాడు నేను రాకముందే మీరు సరిచేసేవారు. నేను వచ్చేసరికి, "నిన్న బాగా చేశావురా" అనేవారు. నేల మీద చెక్క పేళ్లు అప్పుడే రాలినట్టు తెల్లగా ఉండేవి. రాత్రి దాటిన పేళ్లకు ఆ తెలుపు ఉండదని మీరే నాకు నేర్పారు. పదకొండు నెలలు ఆ మాట విన్నాను. నా చేతులు నిజంగా ఏం చేయగలవో ఏం చేయలేవో నాకు తెలియకుండానే పోయింది. సాన పని అలా కాదు. ఉలి తెగుతుంది, లేదా తెగదు. వెంట్రుకకు మొహమాటం ఉండదు.

మీ పని మే ఆరులోపు పూర్తి కావాలని కోరుకుంటున్నాను.

మేనల్లుడు

ఏప్రిల్ 18

అల్లుడూ,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించాను. ఇది మూడోది, దీన్ని తిరిగి చదువుకోకుండా టపాలో వేస్తాను. చదువుకోవాలన్నా అది నాకిప్పుడు అరపూట పని.

నాకు చూపు పోతోంది. ఆరు నెలలైంది. చీకటి కాదు. చూసిన చోటే కనిపించదు, దాని చుట్టూ కనిపిస్తుంది. నీ ముఖం వైపు చూస్తే చెవులు కనిపిస్తాయి, ముక్కు ఉండాల్సిన చోట వేలితో రుద్దిన మరక ఉంటుంది. పక్కకు తిప్పుకుని కంటి చివరతో పట్టుకుంటే ఒక్కొక్క అక్షరమే దొరుకుతుంది. తిరిగి రాదు, మెల్లగా పెరుగుతుంది అన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పలకను నా దగ్గర ఉంచుతారా?

భుజానికి నొప్పి లేదు. మొద్దుబారిన వాదర అంచున వెంట్రుకంత తెల్ల గీత మెరుస్తుంది, నీకు తెలుసు. ఆ గీత కనిపించడం లేదు. అందుకని నీకు పంపాను. ఏటవాలు ఉలి మొన అందుకే నా కంటబడలేదు.

నీకు అసహ్యంగా కనిపించిన ఆ పిడులతోనే నేను ఆరు నెలలు పని చేశాను. దారం చుట్టినది పల్చటి వంపు ఉలి. పంటి గాట్లది లోతు వంపు. గొడుగు కర్ర కోణపుది. పొట్టిది కనురెప్పలకు. బల్ల మీద చెయ్యి వేస్తే చాలు, కావలసినది దానంతటదే చేతిలోకి వచ్చేది. నువ్వు అన్నిటినీ ఒకేలా చేశాక, వాదర తడిమి గుర్తుపట్టాల్సి వచ్చింది. నువ్వు పెట్టిన పదును ఎంత గొప్పదో నా నాలుగు వేళ్ల కట్లు చెబుతాయి. నీకు చెప్పలేను, కోపం ఆగదు. నేను నోరు జారింది అలాగే.

పోయిన గురువారం ఇంజనీరు వెనకాల నిలబడి ఉండగా, ధీమాగా కనిపించాలని, తడమకుండా ఒక ఉలి ఎత్తాను. పల్చటి వంపు అనుకున్నాను. లోతుది. ఒక్క దెబ్బకు బుగ్గ ఎముక ఎగిరి నేల మీద పడింది. ఆ చప్పుడు ఇద్దరం విన్నాం.

"ఇది... ఇలాగే ఉండాలా అమ్మా?" అన్నాడు.

"ఇంకా పైపొరలోనే ఉన్నాం బాబూ, లోపల చాలా ఉంది" అన్నాను.

అతను నమ్మలేదు. నెలాఖరుకు ముఖం రాకపోతే ఫోటో ఇచ్చి యంత్రంతో తల చెక్కించి, మెడ మీద అతికిస్తానన్నాడు. మర్యాదగానే అన్నాడు. పదకొండు మెడల మీద నా తలలు, పన్నెండో మెడ మీద యంత్రం తల. ఆ గదిలోకి నేనింక అడుగుపెట్టలేను.

నీ ఆకుల సంగతి రాశావు. నీకు తెలియదనుకున్నాను. నువ్వు నొచ్చుకోకూడదని చేశాను, నువ్వు అందుకే వెళ్లిపోయావు.

అత్త

ఏప్రిల్ 21

అత్తయ్యా,

అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. నల్లటి సిరా, వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల ఎడం. ఒక్కో కాగితానికి ఐదు వరసలే పట్టాయి, కట్ట లావుగా ఉందని బెదిరిపోకండి.

పట్టికను గోడ మీంచి తీసి చించేయండి. చీలికను పొయ్యిలో పెట్టండి.

పిడులను పాడు చేసింది నేను. పదునుకు రాయి ఉంది, కానీ చేతి గుర్తుకు రాయి లేదు. పాత పిడులను మళ్లీ చేసి పంపుదామని ఒక రోజంతా కూర్చున్నాను. దారం ఎన్ని చుట్లో, పంటి గాట్లు ఏ వైపునో నాకు గుర్తు రాలేదు. ప్రతి వాదరనూ భూతద్దంతో చూసినవాణ్ణి, పిడులను మాత్రం చూడకుండానే పొయ్యిలో వేశాను.

ఏ ఉదయం బండికైనా బయల్దేరగలను. మీ పక్కన కూర్చుని, అడిగిన ఉలి అందిస్తాను. కబురు పెట్టండి చాలు. వద్దంటే మానేస్తాను.

ఎగిరిన బుగ్గకు దారి మీకు తెలిసే ఉంటుంది. అయినా రాస్తున్నాను. దిమ్మలో ఇంకా లోతు ఉంటే ముఖం మొత్తాన్ని బొటనవేలి మందాన వెనక్కి దించవచ్చు.

మీ అల్లుడు

ఏప్రిల్ 29

అల్లుడూ,

నీ ఉత్తరం పద్దెనిమిది కాగితాలు. దర్జీ కొట్టు బల్ల మీద వరసగా పరుచుకుని నడుస్తూ చదివాను. "ఏమిటమ్మా, గోడ ప్రకటనా?" అన్నాడతను.

రావద్దని కబురు పెట్టాను, తప్పుగా తీసుకోకు. ఉలి అందించే మనిషి పక్కన కనబడితే ఇంజనీరుకు రెండో ప్రశ్న అక్కర్లేదు. అంతేకాదు, నీ ఉత్తరం అందిన రోజే నేను నీ పిడుల మీద పడ్డాను. చేతికత్తితో. ఒకదానికి నడుము నొక్కాను, ఒకదానికి ఒక పలక ఎగరగొట్టాను, ఒకదాని మెడకు మూడు గాట్లు. అన్నిటికీ గుర్తులు పెట్టలేదు, ముఖానికి ఆరు ఉలులు చాలు. నీ ఇత్తడి పొన్నుల జోలికి పోలేదు, అవి నిజంగా బాగున్నాయి. అంత తిన్నటి పిడిని పాడు చేస్తుంటే చెయ్యి వెనక్కి లాగింది. క్షమించు.

ముఖాన్ని బొటనవేలి మందం వెనక్కి దించాను. దించాక ఆమె ముందుకు చూడనని మొండికేసింది. ఎడమ బుగ్గలో చెక్క మిగల్లేదు. అందుకని తల కొద్దిగా తిప్పాను. ఇప్పుడామె తలుపు వైపు చూస్తోంది. మిగతా పదకొండుగురూ బండి వస్తుందని కూర్చున్నారు, ఈవిడకు మాత్రం నమ్మకం లేదు. నా ఎడమ చేతి బొటనవేలు ముందు నడుస్తుంది, ఉలి దాని వెనకాల నడుస్తుంది. బొటనవేలు ఆగిన చోట ఉలి ఆగుతుంది. నిన్న ఇంజనీరు చాలాసేపు నిలబడి, "వచ్చేసింది" అన్నాడు.

ఇప్పుడు అసలు మాట. బాగుందో లేదో నాకు తెలియదు. వేలికి తెలిసినంతే తెలుసు. అడిగితే అందరూ బాగుందంటారు. దర్జీ అన్నాడు, ఇంజనీరు అన్నాడు. దానికి నువ్వు అక్కర్లేదు. బిగించిన తరవాత వెళ్లి ఒక్కడివే చూడు. ముందు నా దగ్గరికి రాకు, నా ముఖం చూస్తే నీకు మొహమాటం పుడుతుంది. తప్పులన్నీ రాయి. ఆ తరవాతే నేను ఇంకో పని ఒప్పుకోవాలో, ఉలులు నీకే ఇచ్చేయాలో తేల్చుకుంటాను. నేను నీకు చేసినట్టు నువ్వు నాకు చేయకు.

నీ అత్త

మే 9

అత్తయ్యా,

వెయిటింగ్ రూములో కూర్చుని రాస్తున్నాను. ఉదయం నుంచి నాలుగు బండ్లు వెళ్లిపోయాయి. ఎక్కడికి పోవాలని కూలీ రెండుసార్లు అడిగాడు. ఇది టపాలో వేయను. రాయడం అవగానే మీ ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి నేనే చదువుతాను. మధ్యలో ఆపినా ఆగను.

దగ్గర నుంచి చూశాను, ఎదురు బల్ల నుంచి చూశాను, కిటికీ వెలుతురు పక్క నుంచి పడినప్పుడు చూశాను. పన్నెండో ఆమెకు మూడు తప్పులున్నాయి.

ఒకటి, మెడ వెనక చెక్క నారకు ఎదురుగా కోశారు. గోరంత మేర చెక్క చిరిగింది. దూరం నుంచి తెలియదు. దగ్గరికి వస్తే తెలుస్తుంది.

రెండు, కుడి చెవి ఉండాల్సిన దానికన్నా గోధుమగింజంత కిందికి ఉంది. తల తిప్పినప్పుడు చెవిని దాంతోపాటు పూర్తిగా తిప్పలేదు. దీన్ని ఇప్పుడు ఏమీ చేయలేం.

మూడు, ఎడమ పైరెప్ప మందంగా ఉంది. చూపు తలుపు దాకా వెళ్లాల్సింది, గుమ్మానికి ఇవతలే ఆగిపోతోంది. ఇది తీసేయవచ్చు. ఒక పొర చాలు. ఇంజనీరును కలిసి, పరికరాల మనిషినని, కొత్త చెక్క గోడ మీద సర్దుకున్నాక కొంచెం సవరింపు ఉంటుందని చెప్పాను. గురువారం ఉదయం గంటసేపు గది మూసి ఉంచుతానన్నాడు. ఉలి మీరే పట్టుకోవాలి. నేను పక్కన నిలబడి "ఇంకా" అనో "చాలు" అనో అంటాను, అంతే.

బాగుందా అని మీరు అడగలేదు, తప్పులు అడిగారు. అందుకని కూర్చున్న బల్ల మీంచి లేచి మిగతావాళ్ల దగ్గరికి కూడా వెళ్లి లెక్కపెట్టాను. తొమ్మిదో ఆయన దాకా అందరినీ మీరు మంచి చూపుతో చెక్కారు. రెండో ఆయనకు నాలుగు. సంచి మీద తల వాల్చిన ఆమెకు నాలుగు. తొమ్మిదో ఆయనకు, పేపరు చదివే పెద్దమనిషికి, ఐదు. ఒక చేతికి బొటనవేలు మిగతా వేళ్లలా రెండుచోట్ల వంగింది. నిరుడు మీ దగ్గరికి వచ్చినప్పుడే చూశాను. చెప్పే ధైర్యం లేక బాగుందన్నాను.

గురువారం రెప్ప అయ్యాక ఆయన దగ్గరికి కూడా వెళ్దాం. ఇంజనీరును రెండు గంటలు అడగాల్సింది.

మీ అల్లుడు